చిన్న మిల్లింగ్ మెషిన్‌కి రోటరీ టేబుల్: 4 ఇంచులా, 6 ఇంచులా?

ఈ ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క ప్రశ్న మీద. ఇంట్లోనో, వెనకాల షెడ్డులోనో చిన్న మిల్లింగ్ మెషిన్ పెట్టుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది అడుగుతున్నారు: "అన్నా, రోటరీ టేబుల్ కొందామనుకుంటున్నా. 4 ఇంచులది తీసుకోనా, 6 ఇంచులది తీసుకోనా?"

అడిగేవాళ్లలో ఎక్కువమంది మనసులో 6 అనే ఫిక్స్ అయిపోయి ఉంటారు. నా దగ్గర "అవును" అనిపించుకోవడానికి అడుగుతారు, అంతే. లాజిక్ ఏంటంటే, పెద్ద టేబుల్ మీద చిన్న జాబ్ పెట్టొచ్చు, చిన్న టేబుల్ మీద పెద్ద జాబ్ పెట్టలేం కదా అని. వినడానికి కరెక్టుగానే ఉంది. కానీ చిన్న మెషిన్ దగ్గర ఈ లాజిక్ తిరగబడుతుంది. చిన్న పొయ్యి మీద పెద్ద పెనం పెట్టినట్టు అవుతుంది. పెనం పడుతుంది, అట్టు మాత్రం కాలదు.

నా మాట ముందే చెప్పేస్తాను. రోటరీ టేబుల్‌ని వెడల్పు చూసి కాదు, ఎత్తు చూసి కొనాలి. ఎందుకో లెక్కతో చూద్దాం.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం ఒక్క నిమిషం. రోటరీ టేబుల్ అంటే మిల్లింగ్ మెషిన్ బెడ్ మీద బిగించుకునే ఒక గుండ్రటి తిరుగుడు బల్ల. లోపల వర్మ్, వర్మ్ గేర్ ఉంటాయి. పక్కన హ్యాండిల్ తిప్పితే పైన ప్లేటు మెల్లగా తిరుగుతుంది. దాని మీద జాబ్ బిగిస్తే వంపు స్లాట్ కొట్టొచ్చు, లివర్ చివర గుండ్రంగా చేయొచ్చు, గుండ్రంగా హోల్స్ వేయొచ్చు, నిలబెట్టి గేర్ పళ్లు కోయొచ్చు.

ఇక్కడే ఒక మాట. మీ పని కేవలం ఫ్లాంజ్‌కి హోల్స్ వేయడమే అయితే అసలు టేబుల్ కొనకండి. నిజంగా చెప్తున్నా. 60 ఎంఎం పీసీడీ మీద 6 హోల్స్ కావాలనుకోండి. సెంటర్‌ని సున్నా చేసుకోండి. మొదటి హోల్ ఎక్స్‌లో 30, వైలో 0. రెండోది ఎక్స్‌లో 15, వైలో 25.98. మిగతా నాలుగూ ఇవే అంకెలు, ప్లస్ మైనస్‌లు మారుతాయి అంతే. ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంది, సైన్, కాస్ బటన్లు ఉన్నాయి. డీఆర్‌వో ఉంటే ఇంకా సుఖం, చాలా డీఆర్‌వోలు ఈ లెక్క వాటంతట అవే చేసి పెడతాయి. టేబుల్ సెంటర్ పట్టుకోవడానికి పట్టే టైమ్‌లో ఆరు హోల్స్ అయిపోతాయి. వంపులు, గేర్లు, గుండ్రటి అంచులు చేసేవాళ్లకే ఈ టేబుల్ నిజమైన అవసరం.

సరే, అవసరం ఉంది అనుకుందాం. ఇప్పుడు మీ మెషిన్ సంగతి చూద్దాం. మనవాళ్ల దగ్గర ఎక్కువగా కనిపించేది చైనాలో సీగ్ కంపెనీ చేసే ఎక్స్2 రకం. రకరకాల రంగులు, రకరకాల స్టిక్కర్లతో వస్తుంది, లోపల మాత్రం అదే మెషిన్. దీని బెడ్ సుమారు 390 ఎంఎం పొడవు, 92 ఎంఎం వెడల్పు. ఎక్స్‌లో ఓ 220, వైలో ఓ 100 ఎంఎం కదులుతుంది. హెడ్ పూర్తిగా పైకి లేపితే స్పిండిల్ మూతి నుంచి బెడ్ దాకా సుమారు 285 ఎంఎం ఖాళీ. మోడల్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది, మీ మెషిన్ మీద స్కేలు పెట్టి కొలుచుకోండి. ఈ ఖాళీయే మన ఆస్తి. ఇందులోంచే అన్నీ ఖర్చుపెట్టాలి.

ఇప్పుడు ఖర్చు మొదలుపెడదాం. ఫోన్‌లో నోట్స్ తీసి రాసుకోండి.

285 ఉంది. 4 ఇంచుల టేబుల్ ఎత్తు 70 ఎంఎం అనుకుందాం. మిగిలింది 215. గుండ్రటి జాబ్ పట్టడానికి దాని మీద త్రీ జా చక్ కావాలి. చక్‌కి, టేబుల్‌కి మధ్య ఒక అడాప్టర్ ప్లేటు, అది 12. మిగిలింది 203. 80 ఎంఎం చక్ జాలతో కలిపి సుమారు 66 ఎత్తు. మిగిలింది 137. జాబ్ జాల పైన 25 ఎంఎం కనిపిస్తోందనుకోండి. మిగిలింది 112.

ఇప్పుడు పైనుంచి రండి. స్పిండిల్‌లో 13 ఎంఎం డ్రిల్ చక్ పెట్టారు. చక్, దాని మెడ కలిపి మూతి కిందికి ఓ 85 దిగుతుంది. అందులో 8 ఎంఎం డ్రిల్ బిట్ పెడితే ఇంకో 80. మొత్తం 165. మన దగ్గర ఉన్నది 112. అంటే 53 ఎంఎం తక్కువ! బిట్ జాబ్‌ని ముట్టుకోవడం కాదు, జాబ్ లోపల ఉంటుంది. ఇంకా డ్రిల్ కొట్టనే లేదు.

చూశారా, 4 ఇంచుల టేబుల్‌తోనే ఈ పరిస్థితి. దీనికి దారి ఉంది. డ్రిల్ చక్ పక్కన పెట్టి, బిట్‌ని నేరుగా కాలెట్‌లో పట్టండి. 8 ఎంఎం మామూలు బిట్ మొత్తం పొడవు 117, అందులో 75 బయట ఉంచి మిగతాది కాలెట్‌లోకి పోనివ్వండి. 112లోంచి 75 పోతే 37 ఎంఎం మిగిలింది. హాయిగా పని జరుగుతుంది.

ఇదే లెక్క 6 ఇంచుల టేబుల్‌తో చేయండి. టేబుల్ 85, అడాప్టర్ 15. అంత టేబుల్ మీద 80 చక్ ఎవరు పెడతారు, 100 ఎంఎం చక్ పెడతారు, అది జాలతో 75. మొత్తం 175. 285లో మిగిలింది 110. జాబ్ 25 తీసేస్తే 85. కాలెట్‌లో బిట్ 75. ఆఖరికి చేతిలో 10 ఎంఎం! చిప్స్ దులపడానికి బిట్ పైకి లేపాలన్నా చోటు లేదు. జాబ్ ఇంకో 15 ఎంఎం ఎత్తుగా ఉంటే ఇక అంతే సంగతులు. నేను వేసుకున్న టేబుల్ ఎత్తులు ఉదాహరణకే అండి. మీరు కొనబోయే దాని డ్రాయింగ్‌లో అసలు అంకె ఉంటుంది, దాన్ని పెట్టి లెక్క వేసుకోండి.

చక్ లేకుండా, జాబ్‌ని టేబుల్ మీదే క్లాంపులతో బిగిస్తే బోలెడు ఎత్తు కలిసొస్తుంది. 4 ఇంచుల టేబుల్ మీద 10 ఎంఎం చెక్క ముక్క, దాని మీద 20 ఎంఎం జాబ్ పెడితే 185 మిగులుతుంది. ఇప్పుడు ఆ డ్రిల్ చక్ కూడా పడుతుంది, 20 ఎంఎం మిగులుతో. అందుకే, పలకల్లాంటి జాబ్స్ ఎక్కువ చేసేవాళ్లకి ఒక లెక్క, షాఫ్టులు, బుష్‌లు చేసేవాళ్లకి ఒక లెక్క. మీ పని ఏంటో మీకే తెలుసు.

ఎత్తు తర్వాత చూడాల్సింది అడుగు భాగం. "6 ఇంచులు" అని రాసేది పైన గుండ్రటి ప్లేటుకి మాత్రమే. కింద బాడీ, బోల్టులు పెట్టే చెవులు, పక్కకి పొడుచుకొచ్చే హ్యాండిల్, ఇవన్నీ ఆ 6లో లేవు. మన బెడ్ వెడల్పు 92 ఎంఎం. 150 ఎంఎం ప్లేటు దాని మీద పెడితే ముందూ వెనకా 29 ఎంఎం చొప్పున గాల్లో ఉంటుంది. అది తప్పేం కాదు, కానీ వెనక కాలమ్ ఉంది కదా, వైలో లోపలికి తోసినప్పుడు జాబ్ గానీ, క్లాంపు బోల్టు గానీ వెళ్లి కాలమ్‌కి తగులుతుంది. హ్యాండిల్ ముందుకి పెడితే మీ వై చక్రం తిప్పే చేతికి అడ్డం. చెవుల్లో బోల్టు గాడి మీ బెడ్ టీ స్లాట్‌తో కలవకపోతే క్లాంపులు వేసి తంటాలు పడాలి.

దీనికో చక్కటి ఉపాయం ఉంది. డబ్బులు కట్టకముందే చేయండి. అమ్మేవాళ్ల దగ్గర కొలతల డ్రాయింగ్ అడగండి. పాత అట్టపెట్టె కత్తిరించి అడుగు భాగం అసలు సైజులో గీయండి, బోల్టు గాడులతో సహా. దాన్ని బెడ్ మీద పెట్టి ఎక్స్, వై చివరిదాకా తిప్పి చూడండి. దాని మీద చెక్క ముక్కలు పేర్చి టేబుల్ ఎత్తు, చక్ ఎత్తు తెచ్చుకోండి. పైన స్పిండిల్‌లో మీరు వాడే పెద్ద డ్రిల్ బిట్ పెట్టండి. పది నిమిషాల పని. మీ తమ్ముడు చూసి నవ్వితే నవ్వనివ్వండి.

బరువు సంగతి చెప్పాలి. 6 ఇంచుల టేబుల్, 4 ఇంచులదానికి ఇంచుమించు రెట్టింపు బరువు ఉంటుంది, కొన్ని అంతకన్నా ఎక్కువే. దాని మీద చక్, అడాప్టర్. వీడియోల్లో ఒక చేత్తో పెట్టినట్టు చూపిస్తారు గానీ, అది గ్రీజు అంటిన పోత ఇనుము, జారితే వేళ్లు నలుగుతాయి. మెషిన్‌కీ మంచిది కాదు. అంత బరువు బెడ్ ఒక చివరికి వెళ్తే చిన్న మెషిన్ స్లైడులు బిగుసుకుంటాయి, ఫీడ్ చేతికి తేడాగా తెలుస్తుంది. ఇంకో సంగతి, ఇది ఎవరూ చెప్పరు: బరువైన టేబుల్‌ని ప్రతిసారీ ఎక్కించి దించడానికి బద్ధకం వేస్తుంది. చివరికి అది బల్ల కింద దుమ్ము పట్టి ఉంటుంది. వాడని టేబుల్ ఎంత పెద్దదైతే ఏం లాభం?

ఇప్పుడు గేర్లు కోసేవాళ్ల కోసం. వీటిలో చాలావరకు పడుకోబెట్టి, నిలబెట్టి రెండు రకాలుగా వాడొచ్చు, కొన్ని పడుకోబెట్టి మాత్రమే. గేర్ కోయాలంటే నిలబెట్టేదే తీసుకోండి. నిలబెట్టినప్పుడు బెడ్ నుంచి టేబుల్ సెంటర్ దాకా ఉండే ఎత్తుని సెంటర్ హైట్ అంటాం. గేర్ సగం వ్యాసం దీనికన్నా తక్కువ ఉండాలి, లేకపోతే పళ్లు బెడ్‌కి తగులుతాయి. గేర్ బయటి వ్యాసం లెక్క మీకు తెలుసు: పళ్ల సంఖ్యకి 2 కలిపి మాడ్యూల్‌తో గుణించాలి. మాడ్యూల్ 1, 40 పళ్లు అయితే 42 ఎంఎం. మాడ్యూల్ 2, 60 పళ్లు అయితే 124, అంటే సగం 62. సెంటర్ హైట్ 70 ఉన్న చిన్న టేబుల్ కూడా ఆ గేర్‌ని తిప్పగలదు. ఎక్స్2 లాంటి మెషిన్ మీద స్టీల్‌లో అంతకన్నా పెద్ద గేర్ కోయాలంటే మెషినే ముందు మొరాయిస్తుంది, టేబుల్ కాదు. టెయిల్‌స్టాక్ కూడా కొంటుంటే దాని ఎత్తు ఈ సెంటర్ హైట్‌తో కలుస్తుందో లేదో చూడండి. వేరే కంపెనీది చవగ్గా వచ్చిందని తెచ్చి, కింద ప్యాకింగ్ ముక్కలు పెట్టుకుంటూ కూర్చోవద్దు.

తర్వాత రేషియో. 72:1 అంటే హ్యాండిల్ 72 చుట్లు తిప్పితే టేబుల్ ఒక్క చుట్టు. ఒక హ్యాండిల్ చుట్టుకి 5 డిగ్రీలు. 90:1 అయితే 4 డిగ్రీలు. 4 ఇంచుల వాటిలో 72:1 బాగా కనిపిస్తుంది, 36:1 కూడా దొరుకుతాయి. 6 ఇంచుల వాటిలో 90:1 ఎక్కువ. అమెరికాలో షెర్లైన్ అని బుల్లి మిల్లింగ్ మెషిన్లు చేసే కంపెనీ ఉంది. వాళ్లు తమ మెషిన్‌కి ఇచ్చేది 4 ఇంచుల టేబులే, ఎత్తు 2 ఇంచులే, రేషియో 72:1. హ్యాండిల్ మీద 50 గీతలు, ఒక్కో గీత 0.1 డిగ్రీ. చిన్న మెషిన్ తయారుచేసేవాళ్లే ఆ సైజు ఎంచుకున్నారంటే ఊరికే కాదు.

0.1 డిగ్రీ అంటే ఎంత? సెంటర్ నుంచి 40 ఎంఎం దూరంలో 0.07 ఎంఎం. బ్రాకెట్‌కి, కవర్‌కి ఇది సరిపోతుంది. గేర్‌కి మాత్రం గీతలు నమ్ముకోకండి, డివైడింగ్ ప్లేట్లు వాడండి. ఉదాహరణకి 7 భాగాలు కావాలి. 360ని 7తో భాగిస్తే తెగదు. 72:1 టేబుల్‌తో 72 భాగించు 7, అంటే 10 చుట్లు, ఇంకా చుట్టులో 2/7 వంతు. 21 హోల్స్ ఉన్న వరుసలో 6 హోల్స్ జరిపితే అదే 2/7. ఖచ్చితంగా, ఒక్క పిసరు తేడా లేకుండా. కాబట్టి ప్లేట్లు విడిగా దొరికే టేబుల్ కొనండి, ఇప్పుడు కొనకపోయినా తర్వాత తగిలించుకోవచ్చు. ఆర్డుయినో వచ్చిన పిల్లలు హ్యాండిల్ తీసేసి స్టెప్పర్ మోటార్ పెడుతున్నారు. 200 స్టెప్పుల మోటార్, 72:1 అయితే ఒక స్టెప్పుకి 0.025 డిగ్రీ. దాని గురించి వేరే ఎపిసోడ్ చేయాలి, ఇప్పుడు అందులోకి వెళ్లను.

"అన్నా, అంతా బాగుంది, కానీ అప్పుడప్పుడు పెద్ద జాబ్ వస్తే?" అంటారు. పిట్ట కొంచెం, కూత ఘనం. 15 ఎంఎం మందం అల్యూమినియం ప్లేటు ఒకటి తెచ్చి, 180, 200 ఎంఎం గుండ్రంగా కోయించి, 4 ఇంచుల టేబుల్ మీద బోల్ట్ చేయండి. ఆ ప్లేట్‌లో మీకు నచ్చినచోట హోల్స్ వేసి ట్యాప్ కొట్టుకోండి. టేబుల్ టీ స్లాట్ ఎక్కడుందో అక్కడే క్లాంపు పెట్టాలన్న బాధ కూడా పోతుంది. కట్టర్ పొరపాటున కిందికి దిగినా పాడయ్యేది ప్లేటు, టేబుల్ కాదు. అంచు దగ్గర పెద్ద కట్ వేయకండి, అక్కడ ప్లేటు కింద ఆధారం లేదు. చిన్న కట్లతో, కొట్టేముందు టేబుల్ లాక్ బిగించి చేస్తే పని నడుస్తుంది. పైగా 4 ఇంచుల టేబుల్ మీద అంచు చుట్టూ క్లాంపులు పెడితే జాబ్‌కి మిగిలే చోటు 50, 60 ఎంఎమ్మే. కాబట్టి ఈ ప్లేటు అందరికీ కావాల్సిందే. చిన్న టేబుల్‌ని ఇలా పెద్దది చేసుకోవచ్చు. పెద్ద టేబుల్ ఎత్తు తగ్గించడం మాత్రం ఎవరి వల్లా కాదు.

మరి 6 ఇంచులది ఎవరికి? బెడ్ 150 ఎంఎం దాటి, కాలమ్ గట్టిగా ఉండి, మెషిన్ కొంచెం పెద్దదైతే 6 తీసుకోండి, సంతోషంగా. పెద్ద టేబుల్‌లో వర్మ్ గేర్ పెద్దది, పట్టు గట్టిది, కట్ నీట్‌గా వస్తుంది. నేను 6కి వ్యతిరేకం కాదు. బాలానగర్ షాపుల్లో ఎం1టీఆర్ మెషిన్ల మీద 8, 10 ఇంచుల టేబుళ్లు చూసి, ఐటీఐలో పెద్ద మిల్లింగ్ మీద నేర్చుకుని వచ్చినవాళ్లకి 4 ఇంచులది బొమ్మలా అనిపిస్తుంది. అది మెషిన్ తేడా, టేబుల్ తేడా కాదు. ఎక్స్2 కన్నా చిన్న మెషిన్ ఉన్నవాళ్లయితే 3 ఇంచులది కూడా చూడండి, సిగ్గేం లేదు.

సెకండ్ హ్యాండ్ గురించి చెప్పి ఆపేస్తాను. రాణిగంజ్‌లోనో, ఆటోనగర్‌లోనో పాత టేబుల్ దొరికితే నాలుగు చూడండి. ఒకటి, లాక్ వదిలేసి, హ్యాండిల్ తిప్పుతూ టేబుల్‌ని పూర్తిగా 360 డిగ్రీలు తిప్పండి. ఒకచోట లూజు, ఒకచోట టైటు ఉంటే వర్మ్ గేర్ ఒకవైపు అరిగిపోయిందని అర్థం. అంతటా సమానంగా ఉన్న బ్యాక్‌లాష్‌ని సర్దుకోవచ్చు, చాలావాటిలో దానికి అమరిక ఉంటుంది. ఒకవైపు అరుగుడుని సర్దలేం, అక్కడ సర్దితే ఇక్కడ పట్టేస్తుంది. రెండు, ప్లేటుని రెండు చేతులతో పట్టి పైకీ కిందికీ ఊపండి, కదలకూడదు. వీలైతే డయల్ గేజ్ పెట్టి తిప్పి చూడండి. మూడు, మధ్య హోల్‌లో వేలు పెట్టి తడమండి. చాలావాటిలో అది ఎంటీ2 టేపర్, గీతలు పడి ఉంటే సెంటర్ చేసుకోవడం కష్టం. నాలుగు, పైన కట్టర్ గాట్లు. ఒకటీ అరా ఉంటే పర్లేదు, టీ స్లాట్ అంచులు విరిగి ఉంటే వదిలేయండి.

బ్యాక్‌లాష్ అన్నాను కాబట్టి ఇదీ వినండి. కొత్త టేబుల్‌లో కూడా కొంచెం ఉంటుంది. జాబ్ బయటి అంచు గుండ్రంగా కొడుతున్నప్పుడు టేబుల్‌ని స్పిండిల్ తిరిగే వైపే తిప్పండి, పైనుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో. లోపలి అంచు అయితే దానికి ఉల్టా. అలా తిప్పితే కట్టర్ జాబ్‌ని తనవైపు లాక్కోదు. ఉల్టా చేస్తే ఆ బ్యాక్‌లాష్ అంత దూరం జాబ్ ఒక్కసారిగా ముందుకి దూకి, 6 ఎంఎం కట్టర్ టక్కున విరుగుతుంది. కళ్లద్దాలు పెట్టుకునే చేయండి.

మీ మెషిన్ స్పిండిల్ నుంచి బెడ్ దాకా కొలత, బెడ్ వెడల్పు, మీరు ఎక్కువగా చేసే జాబ్ ఎత్తు, ఈ మూడు అంకెలు నాకు రాసి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కొన్ని మెషిన్లు తీసుకుని లెక్క వేద్దాం. దాంతోపాటు టేబుల్ సెంటర్‌ని స్పిండిల్ కిందికి డయల్ గేజ్‌తో ఎలా తెచ్చుకోవాలో చేసి చూపిస్తాను. ఉంటానండి.